చెత్తకుప్ప ఊట - పొరల వడపోత

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఈ సీమలో ఒకప్పుడు దిబ్బ లేని రైతుయిల్లు ఉండెడిది కాదు. పేడయు, కసవును, పొయ్యిలోని బూడిదయు, పశువులు తినగా మిగిలిన చొప్పయు అందు చేరుచుండెడివి. వాన కురిసిన మరునాడు ఆ దిబ్బ అడుగునుండి నల్లని నీరు సన్నని ధారగా కారుట పెద్దలందరును చూచినదే. తెలిసిన రైతు ఆ నీటిని వీధిపాలు కానీయక, చిన్న కాలువ తీసి పెరటిలోని చెట్టు పాదునకు మళ్లించెడివాడు. త్రాగుబావివైపు మాత్రము దానిని పోనిచ్చెడివాడు కాడు. చెట్టునకు బలమిచ్చు నీరే బావిలో కలసినచో ఇంటికి జ్వరము తెచ్చునని అతనికి ఎవరును పాఠము చెప్పలేదు.

పట్టణపు చెత్తకుప్పయు ఇట్టి దిబ్బయే, కొంతవరకు. కూరగాయల తొక్కలు, పాసిన అన్నము, పూలమండీలో మిగిలిన వాడిన పూలు, ఇవన్నియు దిబ్బకు తగినవే. కాని వానితోపాటు అయిపోయిన బ్యాటరీలు, రంగుడబ్బాలు, మందుసీసాలు, తోలుముక్కలు, ప్లాస్టిక్కు సంచులలో ముడివేసి పారవేసిన నానావిధ వస్తువులును అందు పడుచున్నవి. వాననీరు వీటన్నిటిగుండ దిగి, ఒక్కొక్కదానినుండి కొంత కొంత కరగించుకొని, అడుగున చేరుచున్నది. ఇట్లు చేరిన ద్రవమును శాస్త్రజ్ఞులు లీచేట్ అందురు. తెలుగున ఊట యన్నచో చాలును. జాడీలో ఉప్పు తగిలిన మామిడిముక్క వదలు నీటికి ఇంటి ఆడువారు పెట్టిన పేరును అదియే. ఈ రెండు ఊటలకును ఉన్న చుట్టరికము కొంత తడవునకు బోధపడగలదు.

ఈ ఊట వయస్సునుబట్టి మారును. క్రొత్త కుప్పనుండి కారునది పులిసిన వాసన వేయును. కుళ్లు పదార్థము మెండు. అందలి మలినమును దహించుటకు లీటరునకు పది వేల మిల్లీగ్రాములకు మించిన ప్రాణవాయువు కావలసివచ్చుట సామాన్యము. ఏండ్లు గడచినకొలది సూక్ష్మజీవులు తినదగినదంతయు తినివేయును. అవి ముట్టని నల్లని పదార్థమును, లవణములును, అమ్మోనియాయును మిగులును. ముసలి ఊట చూచుటకు శాంతముగ నుండును గాని, దానిని బాగుచేయుట క్రొత్తదానికంటె కష్టము. భారత ప్రభుత్వము 2016లో ప్రకటించిన ఘనవ్యర్థ నియమావళి ఇట్టి ఊటను శుద్ధిచేసి వాగులోనికి విడుచునపుడు రసాయనిక ప్రాణవాయువు అవసరము లీటరునకు 250 మిల్లీగ్రాములను, అమ్మోనియా నత్రజని 50ని, కరగియున్న లవణములు 2,100ను మించరాదని హద్దు పెట్టినది. పది వేలెక్కడ, 250 ఎక్కడ! ఆ నడిమి దూరమును దాటించుటకే ఈనాడు పొరల వడపోతను ఆశ్రయించుచున్నారు.

ఇచటనే ఒక ప్రశ్న పుట్టును. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు ఈ కరవుసీమలో ఊట యెక్కడిది? అది కోస్తా పట్టణములవారి చింత కదా? లెక్క వేసి చూడవలెను. ఒక ఎకరము నేలపై ఒక మిల్లీమీటరు వర్షము కురిసినచో 4,000 లీటర్లకు పైగా నీరగును. 550 మిల్లీమీటర్లకు 22 లక్షల లీటర్లు. ఇందు అధికభాగము ఎండకు ఆవిరియగుట నిజమే. ఇచట ఎండ పీల్చగల నీరు వాన ఇచ్చు నీటికి దాదాపు మూడింతలు. అయితే ఈ సీమలో వాన ఏడాది పొడవున సన్నగా కురియునది కాదు. భాద్రపద ఆశ్వయుజములలో నాలుగు రాత్రులు కుండపోతగా కురిసి వెడలిపోవును. ఒక్క రాత్రి 50 మిల్లీమీటర్లు పడినచో ఎకరము కుప్పపై రెండు లక్షల లీటర్లు నిలుచును. ఎండ మరునాడు మేల్కొనులోపల అది లోనికి దిగిపోవును.

దిగి ఎచటికి పోవును? హిందూపురమునకు పెన్నయు, ధర్మవరమునకు చిత్రావతియు దాపు. చిత్రావతియు తుదకు పెన్నలోనిదే. తళ్లికోట యుద్ధము తరువాత విజయనగర రాజ్యమునకు రాజధానియైన పెనుకొండ కొండ క్రింద నున్నది. మూడింటి క్రిందను ఉన్నది గట్టి నల్లరాయి, పలుగురాయి కలిసిన పురాతన శిల. అట్టి నేలలో ఇసుకనేలయందువలె నీరు సమముగా ప్రాకదు. పైన కుళ్లిన రాతిపొరలోను, క్రింద బీటలలోను మాత్రమే తిరుగును. బోరు వేయించిన ప్రతి రైతునకును ఇది అనుభవమే. ఒక చేనిలో 300 అడుగులకు జల పడగా, గట్టు దాటిన చేనిలో 800 అడుగులైనను దుమ్మే వచ్చును. ఊటయు ఈ బీటల దారినే పోవును. కుప్ప ప్రక్కనున్న బావి బాగుండి, ఒక మైలు దూరమున బీట కలిసిన బోరు చెడిపోవచ్చును. ఇసుక కొంత మలినమును పట్టి నిలుపును. బీటకు ఆ గుణము లేదు. నీరు కొద్దిగానున్న చోట ఒక్క బావి చెడుట వర్షపుసీమలో పది బావులు చెడుటతో సమానము. హంద్రీ-నీవా కాలువవలన కృష్ణ నీరు పెనుకొండ దాపుననున్న గొల్లపల్లి జలాశయమునకు వచ్చుట గొప్ప మేలే. అంతమాత్రమున కాలువ చేరని పల్లెల బోరు తన అవసరమును కోల్పోలేదు.

ఊట పెరిగినచో ఏమగునో చూడగోరువారు హైదరాబాదు ఈశాన్యముననున్న జవహర్‌నగర్ చూడవలెను. మహానగరపు చెత్తయంతయు అచటికే చేరి, సుమారు 1.2 కోట్ల టన్నుల కొండ యైనది. దాని ఊట దిగువనున్న మల్కారం చెరువున నిండి నీరు నల్లబడినది. చుట్టుప్రక్కల బావులు పాడైనవి. తరువాత పాత కుప్పపై మన్నును, నీరు దిగని పొరలును కప్పి మూసిరి. ఊటను, చెరువును బాగుచేయుటకు సుమారు 250 కోట్ల రూపాయల పథకము చేపట్టి, 2023 ఏప్రిల్‌లో రోజునకు 20 లక్షల లీటర్ల ఊటను శుద్ధిచేయు కేంద్రమును తెరచిరి. ఇక బెంగళూరునుండి హిందూపురము వచ్చు త్రోవకు ఎంతో దూరము కాని మావళ్లిపురలో, గ్రామస్థుల ఆందోళన వలన 2012లో చెత్త వేయుట నిలిచినది. చెత్త వేయుట నిలిచినంతనే ఊట నిలువదు. కుప్ప మూసిన పిమ్మటను అనేక సంవత్సరములు కారుచునే యుండును.

ఇక పొర సంగతి. మామిడిముక్కకు ఉప్పు తగిలినపుడు ముక్కలోని నీరు వెలుపలికి వచ్చుటకు కారణమేమి? ముక్కలోని ప్రతి కణమునకును పలుచని పొర కలదు. అది నీటిని పోనిచ్చును గాని ఉప్పును అంత సులభముగ పోనీయదు. అట్టి పొరకు ఒకప్రక్క పలుచని ద్రవమును, వేరొకప్రక్క చిక్కని ద్రవమును ఉన్నచో, నీరు పలుచని వైపునుండి చిక్కని వైపునకు నడచును. దీనినే ద్రవాభిసరణ మందురు. 1748లో ఫ్రాన్సు దేశపు మతాచార్యుడు నోలే పంది మూత్రాశయపు పొరను సారాయి నింపిన పాత్రమూతికి కట్టి, నీటిలో ముంచి, ఈ వింతను లోకమునకు చెప్పెను. తెలుగింటి అవ్వలు అంతకు ఎన్ని తరములకు ముందే జాడీలలో దానిని నడుపుచుండిరో గదా!

చిక్కని వైపున బలముగా ఒత్తిడి పెట్టినచో ఈ నడక తిరగబడును. నీరు చిక్కని వైపునుండి పలుచని వైపునకు వచ్చును. ఉప్పు వెనుకనే నిలుచును. ఇది తిరోగామి ద్రవాభిసరణము. ఊరి నోట ఆర్.ఓ. అని పలుకుచున్నది దీనినే. చెప్పుటకు సులభము, అంతటి ఒత్తిడికి ఓర్చుచు, తగినంత నీటిని వదలు పొర మాత్రము చాలకాలము దొరకలేదు. 1960 ప్రాంతమున అమెరికాలోని లాస్ ఏంజెలీస్ విశ్వవిద్యాలయమున సిడ్నీ లోబ్ అను నతడును, భారతదేశమునుండి వెళ్లిన శ్రీనివాస శౌరిరాజన్‌ను కలిసి అట్టి పొరను సాధించిరి. అందు పైనున్న మిక్కిలి పలుచని భాగము ఉప్పును ఆపును. క్రింది మందపుభాగము దానిని మోయును. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా అను ఊరికి ఈ పద్ధతిన త్రాగునీరు లభించెను. ఈనాడు ఫ్లోరైడు నీటికి భయపడి ఈ జిల్లా వీధి వీధిన వెలసిన వాటర్ ప్లాంటులు ఆ కోలింగాకు మనుమలు.

బోరునీటిని శుద్ధిచేయుట వేరు, ఊటను శుద్ధిచేయుట వేరు. బోరునీటికి పొరలను చాపచుట్టవలె బిగించి చుట్టి గొట్టములో ఉంచుదురు. ఊటను నేరుగా దానిలోనికి పంపినచో సున్నపు పక్కులును, నల్లని జిగురును పట్టి కొద్దిదినములలోనే అది మూసికొనిపోవును. కావున పని మెట్లు మెట్లుగా సాగును. మొదట పెద్ద తొట్టెలలో గాలి ఊది సూక్ష్మజీవులచేత కుళ్లును తినిపింతురు. అమ్మోనియా క్రమముగా నత్రజనిగా మారి గాలిలో కలియును. తరువాత రంధ్రములు కలిగిన పొరగుండ పంపగా ఆ సూక్ష్మజీవులు అచటనే నిలుచును. అటుపిమ్మట ఇంకను సన్నని పొర, కడపట ఆర్.ఓ. పొర. ముసలి ఊటలో సూక్ష్మజీవులకు తినుటకేమియు లేదు గనుక కొందరు తొలి మెట్టును విడిచి నేరుగా పొరకే అప్పగింతురు. ఇందుకై 1980ల దశకమున జర్మనీలో పళ్లెముల వంటి పొరలను ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ వెడల్పైన దారి విడిచిన యంత్రములు వచ్చినవి. దారి వెడల్పు గనుక అంత త్వరగా మూసికొనిపోవు.

అమ్మోనియా విషయమున ఒక చిన్న ఉపాయము కలదు. వాయురూపపు అమ్మోనియా పొరను నీటివలెనే దాటిపోవును. ఊటలో కొంచెము ఆమ్లము కలిపినచో అది లవణరూపము దాల్చి పొరకు చిక్కును. తెలిసినవాడు యంత్రము నడుపుచో కొలిచి కలుపును. తెలియనివాడు ఆమ్లము అయిపోయిన దినమున కలుపక నడుపును. బయటికి వచ్చు నీరు కంటికి పన్నీరువలె తెల్లగానుండి, చెరువులోని చేపను చంపును.

ఒత్తిడి ఎంతయో ఊహించుటకు సముద్రపు నీటిని తలచవలెను. దాని ద్రవాభిసరణ ఒత్తిడిని కేవలము సరితూచుటకే సుమారు 270 మీటర్ల ఎత్తు నీటిస్తంభపు బరువు కావలెను. చిక్కని ఊటకై 600 మీటర్లకు సమమైన ఒత్తిడియు, ఇంకను చిక్కబరచవలెనన్నచో దానికి రెట్టింపును పెట్టుచున్నారు. ఇదంతయు విద్యుత్తు. పొరలను వారము వారము ఆమ్లముతోను క్షారముతోను కడుగవలెను. కొన్ని ఏండ్లకు మార్చవలెను.

ఇంతకును పొర చేయునదేమి? మలినమును నశింపజేయుచున్నదా? ఈ విషయమున చదువుకొన్నవారును పొరపడుచున్నారు. పొర దేనిని చంపదు, దేనిని కాల్చదు, రెండుగా పంచును. నూరు కడవల ఊట లోనికి పోసినచో 75 కడవల తేటనీరు ఒకవైపునుండి వచ్చును. మిగిలిన 25 కడవలలో ఆ నూరు కడవల ఉప్పును, విషమును, నలుపును ఉండును. లీటరునకు పది గ్రాముల లవణముతో లోనికి పోయినది నలుబది గ్రాములతో బయటికి వచ్చును. అది సముద్రపునీటికంటె ఉప్పన. సభాసదులలో అనేకులు క్యాను చేతబట్టి వాటర్ ప్లాంటువద్ద నిలిచినవారే. క్యాను నిండుచుండగా వెనుకవైపు గొట్టమునుండి మోరీలోనికి ధార కారుట గమనించియే యుందురు. సగమునకు అటునిటుగా నీరు ఆ దారినే పోవుచున్నది; క్యానులోనికి రాని ఫ్లోరైడంతయు ఆ ధారలో నున్నది. అది మోరీనుండి గుంటకు, గుంటనుండి నేలకు, నేలనుండి తిరిగి బోరునకు చేరును.

కావున చెత్త ఊటకు యంత్రము పెట్టెదమని ఎవరైన వచ్చినపుడు, తేటనీటి గ్లాసు చూపిన చాలదు. చిక్కని భాగము ఎచటికి పోవుచున్నదని అడుగవలెను. దానికి దారులు మూడు. ఒకటి, తిరిగి కుప్పపైననే పోయుట. జర్మనీలోను ఇది కలదు, చౌక, అయితే ఉప్పు తిరిగి తిరిగి అచటనే పేరుకొని, ఏటికేడు ఊట చిక్కనగుచు యంత్రమునే తినివేయగలదు. రెండవది, ఆవిరి యంత్రములలో మరిగించి ఉప్పుముద్దగా చేసి, ప్రమాదకర వ్యర్థములకై కట్టిన భద్రమైన గుంతకు పంపుట. ఇది సరియైనది, ఖర్చు మెండు. మూడవది, అడుగున నీరు దిగని పొర పరచిన విశాలమైన మడుగులలో ఎండబెట్టుట. ఇంత ఎండ గల ఈ సీమకు ఇది అచ్చివచ్చునదే. కాని ఆశ్వయుజపు కుండపోతకు కట్ట పొరలినచో ఏడాది శ్రమ ఒక్కరాత్రిలో వాగుపాలగును. కట్ట ఎత్తు ఎంతయని సగటు వానను చూచి నిర్ణయింపరాదు. పెద్ద వానను చూచి నిర్ణయింపవలెను.

ధర్మవరము పట్టుపరిశ్రమవారికి ఇది పరాయి సంగతి కాదు. పట్టునూలు ఉడికించిన నీరును, రంగుతొట్టె కడిగిన నీరును లవణజలములే. తమిళనాట తిరుప్పూరులో అద్దకపు నీరు నొయ్యల్ నదిని పాడుచేయగా, చుక్కయైనను బయటికి విడువరాదను నియమము వచ్చినది. దానిని పాటింపలేదని 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకపు కర్మాగారముల మూసివేతకు ఆదేశించినది. అచ్చట పొరల యంత్రములు లేకపోలేదు. చిక్కని భాగమును కడదాక చూచుకొనుటలో వచ్చినది చిక్కు.

ఇక ఈ మూడు పట్టణముల లెక్క. 2011 జనగణన ప్రకారము హిందూపురమున లక్షన్నర జనము, ధర్మవరమున లక్ష ఇరువది వేలకు పైన, పెనుకొండ చిన్నది. తలకు రోజునకు 400 గ్రాముల చెత్తయని వేసికొన్నచో హిందూపురము ఒక్కటియే దినమునకు 60 టన్నులు వేయును. అందు సగము తడిచెత్త. తడిచెత్తలో మూడింట రెండు వంతులు నీరే. అనగా వాన చుక్క పడకున్నను రోజునకు 20,000 లీటర్ల నీరు కూరగాయల తొక్కలలో దాగి కుప్పకు బండ్లమీద పోవుచున్నది! దానిని కుప్పలో కలిపి, బ్యాటరీల రసము పట్టించి, పిదప పొరలతోను విద్యుత్తుతోను దానిలోనుండి తిరిగి నీరు తీయుట ఎంత చుట్టుదారి! అదే తొక్కను ఇంటివద్దనే వేరుచేసి, పాత రైతు దిబ్బవలె గాలి తగులునట్లు తిరుగవేసినచో, అది తన వేడికే తాను ఆరి ఎరువగును. ఆ నీటిలో అధికభాగము ఆవిరియై పోవును. ఊట పుట్టదు; పుట్టనిదానికి యంత్రమేల?

అట్లని యంత్రము వలదనుట కాదు. ఇప్పటికే పేరుకొన్న పాతకుప్పలు కలవు. వాటిని త్రవ్వి జల్లెడపట్టి వేరుచేయునపుడు లోపల నిలిచిన ఊట బయటపడును. దానికి పొరల వడపోత తగిన సాధనమే. చిన్న పట్టణమునకొక కేంద్రము కట్టి, నడుపు మనిషి లేక తుప్పుపట్టించుటకంటె, లారీమీద కదలు యంత్రమును రెండుమూడు పట్టణములు పంచుకొనుట మేలు. చిక్కని భాగమునకు మడుగు సిద్ధమైన తరువాతనే ఆ యంత్రమును పిలువవలెను.

పల్లెలకు సంబంధించినది మరియొకటి కలదు. ఈ ప్రాంతమున ఎండిన దిగుడుబావులు లెక్కకు మిక్కిలి. పశువు పడునని, పిల్లవాడు పడునని భయపడి, వాటిని చెత్తతో పూడ్చుట అనేకచోట్ల వాడుక. బావి యనగా పూర్వులు నేలలోని జలమునకు నేరుగా త్రవ్విన ద్వారము. అందు పడిన చెత్తకు కుళ్లిన రాతిపొర అడ్డము లేదు. వాన వచ్చిననాడు దాని ఊట నేరుగ బీటలలోనికి దిగును. అట్లు చేరినదానిని ఏ పొరయు తిరిగి తీయలేదు. బావిని పూడ్చక తప్పదన్నచో శుభ్రమైన మన్నుతోను, రాతితోను పూడ్చవలెను. పూడ్చకున్నచో, చుట్టు గోడ కట్టి, వాననీటిని ఇసుకగుండ వడగట్టి దానిలోనికి దింపవచ్చును.

కుప్పకు దాపున బోరులున్నవారు ఏటికి రెండుమారులు నీటిని పరీక్షకు పంపుట మంచిది: వానలకు ముందు మృగశిరకార్తెకు పూర్వమొకటి, వానలు వెనుకబట్టిన పిమ్మట కార్తికమున నొకటి. మోటారు కొంతసేపు నడిపి గొట్టములో నిలిచిన నీరు పోయిన తరువాతనే సీసా పట్టవలెను. సీసాను ఆ నీటితోనే మూడుమారులు తొలచవలెను. ఫ్లోరైడు ఒక్కటి చూడుమనక, క్లోరైడును, అమ్మోనియాను, మొత్తము లవణములను చూడుమని వ్రాయవలెను. ఊట ముందుగా తన జాడ తెలుపునది క్లోరైడులోనే. అది నేలలో దేనికిని అంటక నీటితోపాటు నడచును. మొదటి ఏటి అంకెలను పారవేయక ఈ గ్రంథాలయమున ఒక పుస్తకములో తేదీతో వ్రాసి ఉంచినచో, అయిదారేండ్లకు ప్రక్కప్రక్కన పెట్టి చూచుటకు వీలుండును.